లేచి నిలబడ్డాక పడే నాలుగు చుక్కలు

బనగానపల్లెలో ఎండాకాలం రెండు మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి మామిడికాయ ధర. రెండోది ‘వేడి చేసింది’. ఒంటికి పోతే మంటగా ఉందని ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషి చెవిన వేస్తే ముందు వచ్చే జవాబు అదే. సబ్జా నానబెట్టుకుని తాగమంటారు, బార్లీ కాచుకోమంటారు, పల్లేరు కాయల కషాయం గుర్తుచేస్తారు. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు రాసిచ్చిన మాత్రలు. మామూలు ఇన్‌ఫెక్షన్ అయితే వాటితో తగ్గిపోతుంది, మనిషి కూడా దాని సంగతి మర్చిపోతుంది.

కొందరికి మాత్రం అలా తగ్గదు. తగ్గినట్టే తగ్గి నెల తిరక్కముందే మళ్లీ వస్తుంది. మళ్లీ అవే మాత్రలు, మళ్లీ అదే ‘వేడి’. వాళ్లలో ఎక్కువమందికి కారణం మామూలుదే అయి ఉంటుంది: నీళ్లు చాలకపోవడం, షుగరు, మూత్రసంచిలో రాయి, నెలసరి ఆగిపోయాక వచ్చే పొడితనం. అయితే అతి కొద్దిమందికి మూత్రనాళం పక్కన ఒక చిన్న తిత్తి పెరిగి ఉంటుంది. డాక్టర్లు దాన్ని యురెత్రల్ డైవర్టిక్యులమ్ అంటారు. పేరు నోరు తిరగదు కానీ సంగతి సులువు. ఇది కనిపెట్టలేనంత కష్టమైన జబ్బు కాదు. ఎవరూ చెయ్యి పెట్టి చూడకపోవడం వల్లే ఏళ్ల తరబడి దాగి ఉంటుంది.

ఒకామెను ఊహించుకుందాం. పేరు వద్దు, అక్క అందాం. నలభై దాటింది, ఇద్దరు పిల్లలు. ఊరి బయట నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పని. అక్కడ ఆడవాళ్లకు మరుగు లేదు, అందుకని పొద్దున ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా నీళ్లు సగం సాయంత్రం దాకా అలాగే మిగులుతాయి. డాక్టరమ్మ ముందు కూర్చుంది.

“మంట ఎన్నాళ్ల నుంచి అమ్మా?”

“రెండేండ్లయితాంది మేడం. మాత్రలేసుకుంటే పోతాది, మళ్లా వస్తాది.”

“ఒంటికి పోయి లేచినాక ఎట్లుంటుంది?”

అక్క కాసేపు తల ఎత్తలేదు. “లేచి నిలబడినాక మళ్లా నాలుగు చుక్కలు పడతాయి మేడం. లంగా తడుస్తాది. గర్భసంచి జారిందేమో అనె మా వదిన.”

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. ఆ నాలుగు చుక్కలే ఇక్కడ ఆనవాలు. దగ్గినప్పుడో బిందె ఎత్తినప్పుడో మూత్రం కారడం వేరు. బాత్రూం దాకా వెళ్లేలోపే ఆపుకోలేకపోవడం వేరు. ఇది మూడో రకం. మూత్రం మొత్తం పోసేశాక, లేచి రెండడుగులు వేశాక, ఎక్కడో దాగి ఉన్నది కాస్త జారినట్టు పడటం. నిజానికి జరిగేదీ అదే.

ఆడవాళ్ల మూత్రనాళం పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లే. మూత్రసంచి నుంచి కిందికి, యోని ముందు గోడను ఆనుకునే ఉంటుంది. అంటే ఆ గోడే దానికి పరుపులాంటిది. నాళం చుట్టూ, ముఖ్యంగా కింది వైపు, నాళాన్ని తడిగా ఉంచే సన్నని గ్రంథులు ఉంటాయి. వాటిలో ఏదో ఒకదాని నోరు మూసుకుపోయి, లోపల చీము పట్టి, ఉబ్బి, చివరికి ఆ చీము మూత్రనాళంలోకే పగిలిందనుకోండి. పుండు మానుతుంది కానీ పగిలిన చోట దారి మిగిలిపోతుంది. ఆ దారి వెనక ఖాళీ అయిన తిత్తి మిగులుతుంది. మూత్రం పోసిన ప్రతిసారీ కొంత అందులోకి చేరుతుంది. ఈ జబ్బు ఎలా పుడుతుందన్నదానికి నేడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇదే. కాన్పు కష్టమైనందువల్ల వస్తుందని ఒకప్పుడు అనుకునేవాళ్లు, పిల్లలు లేనివాళ్లలోనూ కనిపించడంతో ఆ మాట పలచబడింది. పుట్టుకతో రావడం బాగా అరుదు.

మన ఊరివాళ్లకు దీన్ని బొమ్మ గీసి చెప్పక్కర్లేదు. ఎస్ఆర్‌బీసీ కాలవలో నీళ్లు పారుతున్నంతసేపు తేటగా ఉంటాయి. నాపరాయి తవ్వి వదిలేసిన గుంతలో నిలిచిన వాననీళ్లు చూడండి, నెల తిరిగేసరికి పచ్చగా నాచు పట్టి వాసన కొడతాయి. ఈ తిత్తి పారే కాలవ పక్కన ఉన్న అలాంటి గుంత. కాలవలో మందు వేస్తే కాలవ శుభ్రపడుతుంది. గుంతలో మురుగు అలాగే ఉండి రెండు వారాలకు మళ్లీ కాలవను పాడుచేస్తుంది. మాత్రలతో తగ్గి మళ్లీ రావడంలో కిటుకు ఇదే. నిలవ మూత్రంలో ఒక్కోసారి రాళ్లు కూడా కడతాయి.

పాఠ్యపుస్తకాలు మూడు లక్షణాలు కలిపి చెబుతాయి: మూత్రంలో మంట, మూత్రం పోశాక చుక్కలు, భర్తతో కలిసినప్పుడు నొప్పి. మూడూ ఒకే మనిషిలో కనిపించడం మాత్రం తక్కువే. కొందరికి యోని ముందు భాగంలో చేతికి తగిలే గడ్డ ఒక్కటే ఉంటుంది. కొందరికి మూత్రంలో రక్తం, కొందరికి ధార సన్నబడటం, కొందరికి మాటిమాటికీ వచ్చే ఇన్‌ఫెక్షన్. ఏ బాధా లేక, వేరే పరీక్షలో బయటపడేవాళ్లూ ఉన్నారు. మూడో లక్షణం గురించి ఒక మాట చెప్పాలి. దాన్ని అడిగే డాక్టర్లు తక్కువ, అడగకుండా చెప్పే ఆడవాళ్లు ఇంకా తక్కువ. ‘కాపురంలో నొప్పి’ అని ఓపీలో నలుగురు వింటుండగా చెప్పడం ఏ ఊర్లోనైనా కష్టమే. అడిగేవాళ్లు గదిలో మిగతావాళ్లను పంపించి అడగాలి. అలా అడిగించుకునే హక్కు రోగికి ఉంది.

ఈ జబ్బు పెద్ద వయసువాళ్లకే వస్తుందనుకోవద్దు. ఎక్కువగా బయటపడేది 30, 60 ఏళ్ల మధ్య. ఎంతమందికి ఉంటుందని పుస్తకాలు చూస్తే నూటికి ఒకరి నుంచి ఆరుగురి దాకా అని రకరకాల లెక్కలు కనిపిస్తాయి. అంత తేడా ఉన్న లెక్క చూసి నాకు తోచింది ఒక్కటే, వెతికినవాళ్లకు దొరికింది, వెతకనివాళ్లకు దొరకలేదు. చరిత్ర కూడా ఆ మాటే చెబుతుంది. 1805లో, మన సీమలో మన్రో కలెక్టరుగా తిరుగుతున్న రోజుల్లో, ఇంగ్లండులోని లీడ్స్‌కు చెందిన సర్జన్ విలియం హే ఈ తిత్తి గురించి రాశాడు. ఆ తర్వాత నూటయాభై ఏళ్లు ఇది అపురూపమైన జబ్బుగానే మిగిలింది. 1956లో అమెరికాలో డేవిస్, సియాన్ అనే ఇద్దరు రెండు బెలూన్లున్న ఒక గొట్టం తయారుచేశారు. నాళానికి రెండు చివరలా బెలూన్లతో బిరడా వేసి, మధ్యలో రంగుమందు ఒత్తిడితో ఎక్కిస్తే అది దారి వెతుక్కుంటూ తిత్తిలోకి పోతుంది, ఎక్స్‌రేలో కనిపిస్తుంది. 1958 నాటికి డేవిస్, టెలిండ్ ఏకంగా 121 కేసుల లెక్క ప్రకటించారు. జబ్బు ఒక్కసారిగా పెరిగిందని కాదు, చూసే దారి దొరికింది.

సరే, అక్క దగ్గరికి వద్దాం. ఆమె చేతిసంచిలో మూడు స్కానింగ్ కాగితాలున్నాయి. మూడింట్లోనూ ‘నార్మల్’ అనే ఉంది. అవన్నీ పొట్ట మీద జెల్ రాసి తీసిన స్కానింగులు. వాటిలో కిడ్నీలు, మూత్రసంచి, గర్భసంచి బాగా కనిపిస్తాయి. ఎముక చాటున, అంత కిందుగా ఉన్న ఈ తిత్తి చాలాసార్లు కనపడదు. కాబట్టి ‘కడుపు స్కానింగ్ నార్మల్’ అన్నంత మాత్రాన ఇది లేదని అర్థం కాదు. స్కానింగ్ తీసినవాళ్లు అబద్ధం రాయలేదు, చూసిన చోట ఏమీ లేదు, అంతే.

డాక్టరమ్మ నర్సును లోపలికి పిలిచి, తెర లాగి, ఏం చేయబోతున్నదీ ముందే చెప్పి, సరేనంటేనే పరీక్ష మొదలుపెట్టింది. వెల్లకిలా పడుకోబెట్టి, తొడుగు వేసుకున్న ఒక్క వేలితో యోని ముందు గోడను తడిమింది. లోపలి నుంచి బయటికి, నాళం వెంబడి, మెల్లగా. సగం దారిలో రేగ్గాయంత మెత్తని ఉబ్బు తగిలింది. అక్క ఉలిక్కిపడింది. “అక్కడే మేడం, అక్కడే.” వేలు అక్కడే ఆపి కాస్త ఒత్తితే మూత్రం వచ్చే రంధ్రం దగ్గర చిక్కటి మబ్బు రంగు చుక్క ఒకటి బయటికి వచ్చింది. రెండేళ్లుగా కాగితాల్లో కనపడనిది రెండు నిమిషాల్లో కళ్లముందు నిలిచింది. ఆ చుక్కను దూది పుల్లకు తీసుకుని కల్చర్ పరీక్షకు పంపారు.

అందరికీ ఇంత స్పష్టంగా తెలియదు. తిత్తి చిన్నదైతే వేలికి తగలకపోవచ్చు. దాని మెడ మూసుకుపోయి ఉంటే ఒత్తినా చుక్క రాదు. తగిలిన గడ్డ మెత్తగా కాక రాయిలా గట్టిగా ఉంటే లోపల రాయి ఉందేమో, అరుదుగా క్యాన్సర్ ఏమో అని చూడాలి. అక్కడ వచ్చే ప్రతి ఉబ్బూ ఇదే అనుకోవడమూ తప్పే. యోని గోడలో వచ్చే నీటిబుడగలు ఉంటాయి, రంధ్రం పక్కనుండే స్కీన్ గ్రంథి వాపు ఉంటుంది, మూత్రసంచి జారి ముందుకు ఉబ్బడం ఉంటుంది. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఏ గడ్డో తేల్చకుండా సెగగడ్డ అనుకుని కత్తిగాటు పెట్టించుకోకూడదు. అది ఈ తిత్తే అయితే, గాటు మానకుండా మూత్రం యోనిలోకి కారే కన్నం పడే ప్రమాదం ఉంది.

అనుమానం కలిగాక ఖాయం చేసుకోవడానికి నేడు ముందు నిలిచే పరీక్ష ఎంఆర్‌ఐ. అందులో ఒక రకం చిత్రాల్లో నీరు తెల్లగా మెరుస్తుంది. నల్లటి, బూడిదరంగు కండరాల మధ్య తిత్తి దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. ఎంత పెద్దది, ఎన్ని గదులున్నాయి, మూత్రసంచికి ఎంత దగ్గర, నాళానికి ఒక పక్కనే ఉందా చుట్టుకుందా అన్నవి సర్జన్‌కు ముందే తెలియాలి. కొన్ని తిత్తులు పాతకాలంలో ఎద్దు వీపున వేసే పెరికలా నాళానికి రెండు పక్కలా వేలాడతాయి. కొన్ని పూర్తిగా చుట్టేస్తాయి. వాటి ఆపరేషన్ వేరు, కష్టమూ ఎక్కువే. ఎంఆర్‌ఐ అందుబాటులో లేని చోట, యోని దగ్గర నుంచి చేసే స్కానింగ్ మంచి చేతుల్లో బాగానే పనికొస్తుంది. సన్నని కెమెరా గొట్టంతో నాళం లోపలికి చూసే పరీక్షలో తిత్తి నోరు కనిపించవచ్చు. ఎక్కువగా అది నాళం వెనక వైపు, మధ్య భాగంలోనో ఇంకాస్త కిందో ఉంటుంది. దగ్గితే కారడం కూడా ఉన్నవాళ్లకు మూత్రసంచి ఒత్తిడి కొలిచే పరీక్ష కలుపుతారు.

ఇక వదినగారి మాట. ‘గర్భసంచి జారిందేమో’ అన్న ఆ మాట వినడానికి మామూలుగా ఉంటుంది, మన రాష్ట్రంలో మాత్రం దాని బరువు వేరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15, 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెల్లబట్ట అవుతోందన్నా, నడుము నొప్పన్నా, కింద తడిగా ఉంటోందన్నా ‘తీసేస్తే పోతుంది’ అనే సలహా మన దగ్గర ఎంత తేలిగ్గా వస్తుందో ఆ అంకె చెబుతోంది. ఈ తిత్తికీ గర్భసంచికీ ఏ సంబంధమూ లేదు. గర్భసంచి పోయినా తిత్తి ఉన్నచోటే ఉంటుంది, చుక్కలు పడుతూనే ఉంటాయి. ఎవరైనా ఆ ఆపరేషన్ చెప్పినప్పుడు ‘నాకున్న ఏ బాధ దీనితో పోతుంది, ఏది పోదు’ అని అడిగి కచ్చితమైన జవాబు వచ్చాకే ఒప్పుకోండి.

తిత్తి ఉన్న ప్రతి ఒక్కరికీ కోత అక్కర్లేదు. చిన్నదై, బాధ పెట్టకపోతే అప్పుడప్పుడు చూపించుకుంటూ ఉండవచ్చు. గర్భిణి అయితే వీలైనంతవరకు కాన్పు అయ్యేదాకా ఆగుతారు. అంతవరకు ఇన్‌ఫెక్షన్ వస్తే కల్చర్ చూసి యాంటీబయాటిక్ వాడతారు. మూత్రం పోశాక వేలితో యోని ముందు గోడను ఒత్తి తిత్తిని ఖాళీ చేసుకునే పద్ధతి ఒకటుంది, డాక్టరు చూపిస్తే నేర్చుకోవచ్చు. గుంత మాత్రం పూడదు. బాధ పెడుతున్న తిత్తికి అసలు వైద్యం దాన్ని తీసేయడమే.

ఆపరేషన్ యోని వైపు నుంచే చేస్తారు, పొట్ట మీద కోత ఉండదు. ముందు ఇన్‌ఫెక్షన్ తగ్గించుకోవాలి. యోని గోడను జాగ్రత్తగా పొరగా లేపుతారు, దాని కింద ఉన్న గట్టి పొరను ఇంకో తీరున తెరుస్తారు, అప్పుడు తిత్తి బయటపడుతుంది. దాన్ని మెడదాకా విడదీసి తీసేస్తారు. నాళానికి పడిన కన్నాన్ని లోపల గొట్టం ఉంచి కుడతారు. మళ్లీ ఒక్కో పొరనూ మూస్తూ వస్తారు. ఇందులో నైపుణ్యమంతా ఒక చిన్న సూత్రంలో ఉంది, అది మన రాతి గోడల మేస్త్రీలకు బాగా తెలుసు. కింది వరస సందు మీద పై వరస సందు రాకూడదు. ఒక పొర కుట్టు నిలువుగా వస్తే దాని మీది కుట్టు అడ్డంగా రావాలి. కుట్టు మీద కుట్టు పడితే మూత్రం ఆ గీత పట్టుకునే బయటికి దారి చేసుకుంటుంది. పొరలు బలహీనంగా ఉన్నా, తిత్తి పెద్దదైనా, ఇది రెండో ఆపరేషన్ అయినా మధ్యలో కొవ్వు పొర ఒకటి పరుస్తారు. బయటి పెదవి లోపలున్న కొవ్వును రక్తనాళాలతో సహా తిప్పి తెచ్చే ఈ పద్ధతిని 1928లో జర్మన్ వైద్యుడు హైన్రిష్ మార్టియస్ చెప్పాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. తిత్తి నాళం చిట్టచివర, రంధ్రం దగ్గరే ఉంటే మొత్తం తీయకుండా తెరిచి అంచులు కుట్టేసే చిన్న పద్ధతి సరిపోవచ్చు. అదే పద్ధతి పైన ఉన్న తిత్తికి చేస్తే మూత్రం ఆపుకునే కండరం దెబ్బతింటుంది.

దగ్గితే కారే బాధ కూడా ఉంటే దానికీ కలిపి ఆపరేషన్ చేస్తారా అని అడగండి. చేస్తే రోగి సొంత కండరం పొర నుంచి తీసిన పట్టీనే వాడాలి. తెరిచిన నాళం పక్కన అదే రోజు ప్లాస్టిక్ మెష్ పట్టీ వేయకూడదన్నది వైద్యులు పాటించే నియమం.

రోగికి ఆపరేషన్ కన్నా కష్టంగా తోచేది ఆ తర్వాతి గొట్టం. రెండు మూడు వారాలు ఉంచాలి. ఇంటికి పంపినా గొట్టంతోనే పంపుతారు. సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, నేల మీద పెట్టకూడదు. మంచం కోడుకు గుడ్డపీలికతో కట్టుకుంటే సరిపోతుంది. గొట్టం మెలిక పడకుండా చూసుకోవాలి, తొడకు అంటించిన టేపు ఊడితే మళ్లీ అంటించాలి, ఎవరి కాలూ తగిలి లాగేయకుండా జాగ్రత్త పడాలి. లోపల ఉన్న కుట్టు దాని చుట్టూనే మానుతోంది. సంచిలోకి మూత్రం రావడం ఆగి కింది పొట్ట బిగిసినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. నీళ్లు బాగా తాగాలి, ముక్కాల్సిన అవసరం రాకుండా తిండి చూసుకోవాలి. బిందెలు, రాళ్లు, కోళ్ల గంపలు ఏవీ ఎత్తకూడదు. కాపురానికి కనీసం ఆరు వారాలు, కొందరు డాక్టర్ల మాటలో మూడు నెలలు ఎడం. ఈ ముక్క భర్తకు డాక్టరే చెబితే మంచిది, ఆమె చేత చెప్పించకూడదు.

గొట్టం తీసే ముందు చాలా చోట్ల రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసి కుట్టు గట్టిగా ఉందో లేదో చూస్తారు. ఇంకా కారుతుంటే గొట్టం మరో వారం పది రోజులు. చేయి తిరిగిన సర్జన్ దగ్గర ఎక్కువమందికి ఒక్క ఆపరేషన్‌తోనే నయమవుతుంది. అయినా ముందే తెలుసుకోవాల్సినవి ఉన్నాయి: తిత్తి మళ్లీ రావచ్చు, దగ్గితే కారడం కొత్తగా మొదలవొచ్చు, నాళం సన్నబడవచ్చు, అరుదుగా మూత్రం యోనిలోకి కారే కన్నం పడవచ్చు. తిత్తి పెద్దదైనా, మూత్రసంచి మెడకు దగ్గరైనా, నాళాన్ని చుట్టేసినా ఈ ముప్పు పెరుగుతుంది. సంతకం పెట్టే కాగితంలో ఇవి ఉంటాయి. చదివి వినిపించమని అడగడంలో తప్పు లేదు.

ఎవరి దగ్గరికి పోవాలి? మొదట ఆడవాళ్ల డాక్టరే. అనుమానం వచ్చాక యూరాలజిస్ట్. ఈ ఆపరేషన్ రోజూ చేసేది కాదు కాబట్టి ‘మీరు ఇలాంటివి చేశారా’ అని అడగడం అవమానం కాదు. బనగానపల్లె 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నా పెద్ద జబ్బు అనగానే బస్సు ఎక్కేది ఇప్పటికీ కర్నూలుకే, పెద్దాసుపత్రికే. కడప వైపు వాళ్లు తిరుపతి స్విమ్స్‌కో వేలూరు సీఎంసీకో పోతారు. ఆరోగ్యశ్రీ పేరు మారి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. తమ ఆపరేషన్ దాని కిందికి వస్తుందా అన్నది చేరకముందే ఆసుపత్రిలో ఆ పథకం చూసే సిబ్బందిని అడిగి తేల్చుకోవాలి. పోయేముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుంటే డాక్టరు ముందు నోరు పెగలకపోయినా కాగితమే మాట్లాడుతుంది: ఏడాదిలో ఎన్నిసార్లు మంట వచ్చింది, ఏ మాత్రలు వాడారు, మూత్రం పోశాక చుక్కలు పడతాయా, ఎక్కడైనా గడ్డ తగులుతోందా. పాత కల్చర్ రిపోర్టులు పారేయకండి.

అక్కకూ ఆపరేషన్ అయింది. తిత్తిలో రాయి లేదు. గొట్టం తీసిన రోజు ఎక్స్‌రే కూడా బాగానే వచ్చింది. ఊరికి బయల్దేరుతుంటే నర్సు వెనక్కి పిలిచి, వారం తర్వాత ఇంకో కాగితం వస్తుంది, దానికోసం రావాలని చెప్పింది. తీసిన తిత్తి ముక్కను బయాప్సీకి పంపుతారు. క్యాన్సర్ అరుదే, అయినా ఆ పరీక్ష లేకుండా లేదని తేల్చలేరు. బస్సు చార్జీ దండగని ఆ కాగితం కోసం వెనక్కి పోనివాళ్లు చాలామందే ఉంటారు. అక్క పెద్దకొడుకు ఫోన్లో తేదీ పెట్టుకున్నాడు.